సిరోంచ నుంచి గడ్చిరోలి దాకా: ఒకే పోక్సో కేసు, రెండు దారులు

గోదావరి, ప్రాణహిత కలిసే చోట ఒక ఒడ్డున కాళేశ్వరం, ఇంకో ఒడ్డున సిరోంచ. సిరోంచ తాలూకాలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చేది మరాఠీ, అడవి ఊళ్లలో వినిపించేది మాడియా గోండి. వంతెన దాటితే తెలంగాణ. సొంత జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి పోవాలంటే మాత్రం 200 కిలోమీటర్లకు పైగా బస్సులో కూర్చోవాలి. చంద్రపూర్ జిల్లా రాజురాలో, నాందేడ్ జిల్లా కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దేగ్లూర్ తాలూకాల్లో దూరాలు ఇంత ఘోరంగా లేకపోయినా పరిస్థితి ఒకటే. ఇంటి భాష ఒకటి, పోలీస్ స్టేషన్ భాష ఇంకొకటి.

ఇలాంటి చోట ఒక పిల్ల మీద లైంగిక దాడి జరిగితే పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) కేసు ఏ దారిన పోతుందో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పరు. 'నిందితుల్లో ఒకరు మైనర్' అన్న ఒక్క ముక్కతో పేపర్లో వార్త ఆగిపోతుంది. అసలు కథ అక్కడే మొదలవుతుంది. అక్కడి నుంచి కేసు రెండుగా చీలుతుంది. నిందితుడి వయసును బట్టి ఒక సగం పోక్సో కేసులు చూసే స్పెషల్ కోర్టుకు, ఇంకో సగం మైనర్ నిందితుల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పోతుంది. నిందితులు ఎవరి దారిన వాళ్లు పోతారు కానీ, బాధితురాలు మాత్రం రెండు దారులూ నడవాలి. ఆ రెండు దారుల్లో ఆమెకు న్యాయం అందుతుందా లేదా అన్నది చాలావరకు మొదటి కొద్దిరోజుల్లో తయారయ్యే రెండు కాగితాల మీద ఆధారపడుతుంది. ఒకటి వయసు కాగితం, రెండోది మొదటి వాంగ్మూలం. సరిహద్దు తాలూకాల్లో ఎక్కువగా దెబ్బతినేవి ఈ రెండే.

విషయం అర్థం కావడానికి ఒక ఊహా కేసు తీసుకుందాం. ఎండాకాలం ముందు సిరోంచ వైపు ఊళ్ల నుంచి కూలి కుటుంబాలు మిరప ఏరడానికి తెలంగాణ పోతాయి. తోటల పక్కన గుడిసెలు వేసుకుని వారాల తరబడి అక్కడే ఉంటాయి. ములుగు జిల్లాలో అలాంటి ఒక తోట దగ్గర 13 ఏళ్ల పిల్ల మీద ఇద్దరు అఘాయిత్యం చేశారనుకుందాం. ఒకడికి 30 ఏళ్లు, ఇంకొకడికి 17. భయపడిన కుటుంబం రాత్రికి రాత్రే మూట కట్టుకుని సిరోంచ వచ్చేసింది.

మొదటి ప్రశ్న, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? సిరోంచ స్టేషన్‌లోనే ఇవ్వొచ్చు. నేరం వేరే రాష్ట్రంలో జరిగింది కాబట్టి అక్కడికే పొమ్మని తిప్పి పంపడానికి వీల్లేదు. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ సంగతి సూటిగా రాసింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత దాన్ని తెలంగాణ స్టేషన్‌కు పంపిస్తారు. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. వైద్యపరీక్ష కూడా ఆగకూడదు. పోక్సో చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ కాకముందే పరీక్ష చేయవచ్చు. ఆడపిల్లకు మహిళా డాక్టరే చేయాలి, తల్లిదండ్రులో లేక పిల్ల నమ్మే మనిషో పక్కన ఉండాలి. రెండు వేళ్ల పరీక్ష అనే పాత పద్ధతిని సుప్రీంకోర్టు 2013లో తప్పుబట్టింది. 2022 అక్టోబరులో మళ్లీ గట్టిగా చెప్పింది, ఆ పరీక్ష చేస్తే అది దుష్ప్రవర్తన కిందికే వస్తుందని.

2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం రాతలో నిజంగా పిల్లల పక్షాన నిలిచే చట్టం. మగపిల్లల మీద జరిగిన దాడికీ ఇదే వర్తిస్తుంది. ఆశ్రమ పాఠశాలలున్న ప్రాంతంలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి, అదీ యూనిఫాం లేకుండా. రాత్రిపూట ఏ కారణంతోనూ పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. పోలీసులు 24 గంటల్లోగా స్పెషల్ కోర్టుకూ, బాలల సంక్షేమ కమిటీకీ సమాచారం ఇవ్వాలి. అందరూ సీడబ్ల్యూసీ అని పిలిచేది ఈ కమిటీనే. కుటుంబం ఒప్పుకుంటే దర్యాప్తు నుంచి తీర్పు దాకా పిల్లకు తోడుగా నడిచే ఒక మనిషిని ఈ కమిటీ ఇస్తుంది. ఆ మనిషినే సపోర్ట్ పర్సన్ అంటారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ ఏర్పాటును మొక్కుబడిగా చూడవద్దని రాష్ట్రాలకు చెప్పింది.

ఇక్కడ సరిహద్దు చిక్కు మొదలవుతుంది. పిల్ల ఉండేది గడ్చిరోలి జిల్లాలో. కేసు నడిచేది తెలంగాణలో. తోడు వ్యక్తిని ఏ జిల్లా కమిటీ ఇస్తుంది? ఇచ్చిన మనిషి నది దాటి ప్రతి వాయిదాకూ వస్తారా? చట్టం రెండు జిల్లాల కమిటీలు మాట్లాడుకుని సర్దుకోవడానికి వీలిస్తుంది కానీ, మాట్లాడుకోమని ఎవరైనా వెంటపడితేనే అది జరుగుతుంది. వెంటపడే తీరిక కూలి కుటుంబానికి ఉండదు.

ఇప్పుడు వయసు సంగతి. పోక్సో కేసులో వయసు ఒకచోట రాసి వదిలేసే వివరం కాదు. కేసు పేరు, కోర్టు పేరు, శిక్ష అన్నీ దాని మీదే నిలబడతాయి. బాధితురాలికి 18 లోపు ఉంటేనే పోక్సో. 2019 సవరణ తర్వాత శరీరంలోకి చొచ్చుకెళ్లే లైంగిక దాడికి కనీస శిక్ష 10 ఏళ్లు, బాధితురాలికి 16 లోపు ఉంటే 20 ఏళ్లు. 12 లోపు ఉన్నా, సామూహికంగా జరిగినా అది ఇంకా తీవ్రమైన నేరమవుతుంది. అక్కడ 20 ఏళ్ల నుంచి యావజ్జీవం, మరణశిక్ష దాకా ఉంది. నిందితుడి వైపు చూస్తే, నేరం జరిగిన రోజుకు 18 నిండకపోతే జువెనైల్ బోర్డు. 16 నిండితే ఒక రకం విచారణ, నిండకపోతే ఇంకో రకం. ఒకే కేసులో రెండు వైపులా నాలుగైదు గీతలు ఉన్నాయన్నమాట. ఒక ఏడాది అటూ ఇటూ అయితే కేసు రూపమే మారిపోతుంది.

మరి వయసు రుజువు ఎలా? జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ఒక వరస పెట్టింది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. నిందితుడి కోసం పెట్టిన ఈ వరసే బాధితురాలికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2013లో ఒకసారి, 2023లో మరోసారి చెప్పింది. ఆధార్ ఈ వరసలో లేదు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్నది రోడ్డు ప్రమాద పరిహారం కేసులోనే అయినా, ఇక్కడా పనికొచ్చే మాటే.

సరిహద్దు ఊళ్లలో ఈ కాగితాలు ఎలా ఉంటాయో అక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంట్లో పుట్టిన బిడ్డ పేరు పంచాయతీ రిజిస్టర్‌లో ఎక్కదు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసేస్తారు. రెండేళ్లు సిరోంచలో మరాఠీ బడి, తర్వాత మంచిర్యాల వైపు అమ్మమ్మ ఊళ్లో తెలుగు బడి, అక్కడ ఇంకో తేదీ. టీసీలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. పెరట్లో పుట్టిన దూడ వయసు చెప్పగలిగే ఇంట్లో బిడ్డ పుట్టిన తేదీ కాగితం మీద మూడు రకాలుగా ఉంటుంది. డిఫెన్స్ లాయర్ వీటిని పక్కపక్కన పెట్టి 'ఏది నిజం?' అని అడిగితే తండ్రి తడబడతాడు. ఆ తడబాటు పిల్ల మాటను కూడా అనుమానంలో పడేస్తుంది. ఎముకల పరీక్ష దాకా పోతే రెండేళ్లు అటూ ఇటూ అనే మాట వస్తుంది. 15 అంటే 13 కావచ్చు, 17 కావచ్చు. 16 అన్న గీత ఆ సందులోనే ఉంది.

ఇది కొత్త బాధ కాదు. 1972 మార్చిలో దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయి మీద ఒక కానిస్టేబుల్ అత్యాచారం చేశాడని, ఒక హెడ్ కానిస్టేబుల్ లైంగికంగా వేధించాడని వచ్చిన కేసు దేశమంతా మార్మోగింది. దేశాయిగంజ్ అప్పటికి చంద్రపూర్ జిల్లాలో ఉండేది. 1982లో జిల్లా విడిపోయాక గడ్చిరోలిలోకి వచ్చింది. డాక్టర్ అంచనా ప్రకారం ఆమె వయసు 14 నుంచి 16 మధ్య. అప్పటి చట్టంలో సమ్మతి వయసు 16. సెషన్స్ కోర్టు ఆమెకు 16 లోపే అనడానికి తగిన సాక్ష్యం లేదంది. వయసు గీత చెరిగిపోగానే కేసు మొత్తం 'ఒప్పుకుందా, ఒప్పుకోలేదా' అన్న దానిమీదికి మళ్లింది. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ శిక్ష వేసినా 1978లో సుప్రీంకోర్టు ఇద్దరినీ వదిలేసింది, ఒంటిమీద గాయాల గుర్తులు లేవన్న వాదన కూడా చూపించి. దానిమీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ, తర్వాత వచ్చిన మహిళా ఉద్యమం కలిసి 1983 చట్ట సవరణకు దారితీశాయి. కస్టడీలో జరిగిన అత్యాచారంలో ఆమె ఒప్పుకోలేదని చెబితే కోర్టు అదే నిజమని మొదట అనుకోవాలన్న నియమం, బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న నియమం అప్పుడే వచ్చాయి. ఈ దేశంలో అత్యాచార చట్టాన్ని మార్చిన కేసు ఈ అడవి జిల్లా నుంచే వచ్చిందని ఇక్కడి బడుల్లో పిల్లలకు చెప్పాలి.

రెండో కాగితం, మొదటి వాంగ్మూలం. పోక్సోలో ఏ సెక్షన్ పడుతుందన్నది ఏం జరిగిందన్న వివరం మీద ఉంటుంది. చెయ్యి వేయడం, తడమడం ఒక నేరం, దానికి 3 నుంచి 5 ఏళ్లు. అంతకు మించిన దాడి ఇంకో నేరం, దానికి 10 లేదా 20 ఏళ్ల నుంచి మొదలు. మన ఊళ్లలో పిల్లలు ఇలాంటివి నోరు తెరిచి చెప్పరు. 'గలీజు పని చేసిండు' అంటారు, ఇంకా అడిగితే ఏడుస్తారు. ఆ ఒక్క మాటను స్టేషన్ రైటర్ మరాఠీలో ఏదో ఒక పదంగా మార్చి రాసేస్తే పెద్ద నేరం చిన్నదైపోవచ్చు. ఆర్నెల్ల తర్వాత కోర్టులో పిల్ల అసలు సంగతి వివరంగా చెప్పినప్పుడు, 'అప్పుడు చెప్పలేదుగా, ఇప్పుడు కల్పిస్తున్నావ్' అన్న వాదన లేస్తుంది. పిల్ల మాట మార్చలేదు. రాసినవాళ్లే కుదించారు.

చట్టం ఈ ప్రమాదాన్ని ముందే చూసింది. పిల్ల చెప్పింది తేలిక మాటల్లో, ఆమెకు అర్థమయ్యేలా రాయాలి. రాసిన భాష ఆమెకు రాకపోతే అనువాదకుణ్ని ఇవ్వాలి. పోలీసుల దగ్గర, మేజిస్ట్రేట్ దగ్గర, కోర్టులో, మూడు చోట్లా ఈ హక్కు ఉంది. మేజిస్ట్రేట్ పిల్ల మాటను పిల్ల చెప్పినట్టే రాసుకోవాలి. పక్కింటాయన్నో, అక్కడ టీ ఇచ్చే కుర్రాణ్నో పిలిచి అనువాదం చేయించడం ఈ నియమం ఉద్దేశం కాదు. అందులోనూ ఊరివాడే అయితే పిల్ల ఇంకా ముడుచుకుపోతుంది. ఎంత నరకమో ఆలోచించండి: జరిగింది చెప్పాలి, అది కూడా రేపు బజార్లో ఎదురుపడే మనిషి ద్వారా చెప్పాలి.

ఒక విషయంలో మాత్రం పై కోర్టు దారి చూపింది. బట్టల మీద నుంచి తడిమితే పోక్సో కింద లైంగిక దాడి కాదని 2021 జనవరిలో నాగపూర్ బెంచ్ ఒక తీర్పు ఇచ్చింది. చంద్రపూర్, గడ్చిరోలి కేసులు అప్పీలుకు పోయేది ఈ బెంచ్‌కే. అదే ఏడాది నవంబర్ 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చర్మం తగిలిందా లేదా కాదు, లైంగిక ఉద్దేశం ఉందా లేదా అన్నదే చూడాలంది.

ఇక కేసు చీలే చోటుకు వద్దాం. మన ఊహా కేసులో 30 ఏళ్ల మనిషి దారి అందరికీ తెలిసిందే. అరెస్టు, రిమాండు, రెండు నెలల్లో దర్యాప్తు పూర్తి చేయాలన్న గడువు, చార్జిషీటు, స్పెషల్ కోర్టు. అక్కడ పిల్లకు కొన్ని రక్షణలున్నాయి. నిందితుడు ఆమె కంట పడకుండా తెరో, వీడియో లింకో పెట్టాలి. విచారణ తలుపులు మూసి జరగాలి. ప్రశ్నలు లాయర్ నేరుగా వేయకూడదు, జడ్జి ద్వారానే అడగాలి. పదేపదే సాక్ష్యానికి పిలవకూడదు. కేసు విచారణకు స్వీకరించిన 30 రోజుల్లో ఆమె సాక్ష్యం, ఏడాదిలో విచారణ పూర్తి కావాలన్నది లక్ష్యం. ఎన్నో చోట్ల అది లక్ష్యంగానే మిగిలిపోతోంది.

17 ఏళ్ల కుర్రాడి దారి వేరు. అతణ్ని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ. బెయిల్ ఇక్కడ నియమం, నిరాకరణ మినహాయింపు. బయటికి వస్తే నేరస్తులతో కలుస్తాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయానికి విఘాతమనో అనిపిస్తేనే ఆపాలి. బాధితురాలి ఇంట్లో ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. 'వాడు వారానికే ఊళ్లో తిరుగుతున్నడు, ఇదేం చట్టం' అంటారు. ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే బెయిల్ అంటే కేసు పోయినట్టు కాదు. ఆ పిల్ల ఉన్న వాడకు, బడికి, బావి దగ్గరకు రాకూడదని షరతు పెట్టమని బోర్డును అడగవచ్చు. ఈ సంగతి కుటుంబానికి చెప్పే మనిషి అక్కడ ఉండటం లేదు. అసలు లోటు అదే.

ఇంకో అపార్థం కూడా ఇక్కడే పుడుతుంది. కేంద్రం 2016లో చేసిన నమూనా నియమాల ప్రకారం 18 లోపు వాళ్ల మీద ఘోర నేరం (కనీస శిక్ష 7 ఏళ్లు, ఆపైన ఉన్నది) అయితేనో, పెద్దలతో కలిసి చేస్తేనో తప్ప ఎఫ్ఐఆర్ ఉండదు. మిగతావాటిని స్టేషన్ జనరల్ డైరీలో రాసి, కుర్రాడి ఇంటి పరిస్థితులతో ఒక రిపోర్టు జోడించి బోర్డుకు పంపుతారు. 15 ఏళ్లవాడు తడిమాడన్న ఫిర్యాదుకు ఎఫ్ఐఆర్ నకలు చేతికి రాలేదంటే ప్రతిసారీ పోలీసులు కప్పిపెట్టారని కాదు. అలాగని వదిలేయమనీ కాదు. డైరీలో ఎక్కించారా, బోర్డుకు ఎప్పుడు పంపారు అని రాతపూర్వకంగా అడగాలి.

మన కేసులో నేరం ఘోరమైనదే, కుర్రాడికి 16 దాటాయి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఇలాంటివాళ్ల కోసమే. 2012 డిసెంబర్ ఢిల్లీ ఘటనలో నిందితుల్లో ఒకడు 18కి కొన్ని నెలలు తక్కువ కావడంతో మూడేళ్ల స్పెషల్ హోమ్‌తో బయటపడ్డాడు. అప్పుడు దేశమంతా లేచిన కోపంలోంచి ఈ చట్టం వచ్చింది. ఆ ఘటన తర్వాత కేంద్రం వేసిన జస్టిస్ వర్మ కమిటీ మాత్రం 2013 జనవరిలోనే వయసు తగ్గించవద్దని సిఫార్సు చేసింది. చివరికి నడిమధ్యలో ఒక దారి కుదిరింది. కనీస శిక్ష 7 ఏళ్లు, ఆపైన ఉన్న నేరం 16 నుంచి 18 మధ్య వాళ్లు చేశారని ఆరోపణ వస్తే బోర్డు ఒక ప్రాథమిక అంచనా వేయాలి. ఆ పని చేసే శరీర, మానసిక శక్తి అతనికి ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితిలో చేశాడు, ఇవి చూడాలి. నేరం చేశాడా లేదా అని తేల్చడం ఇక్కడ పని కాదు. దీనికి మూడు నెలల గడువు పెట్టారు. అది దాటినంత మాత్రాన కేసు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది.

అంచనా తర్వాత పెద్దవాడిలా విచారించాలనుకుంటే బోర్డు కేసును చిల్డ్రన్స్ కోర్టుకు పంపుతుంది. ఆ కోర్టు కళ్లు మూసుకుని తీసుకోకూడదు, నిజంగా పెద్దవాడిలా విచారించాలా అని మళ్లీ చూడాలి. శిక్ష పడినా 21 నిండేదాకా సంరక్షణ గృహంలోనే ఉంచాలి. అప్పుడు అతనిలో మార్పు వచ్చిందా అని చూసి, వదలాలా జైలుకు పంపాలా అని తేలుస్తారు. మరణశిక్ష గానీ, విడుదలకు వీల్లేని యావజ్జీవం గానీ వేయకూడదు. బోర్డే ఉంచుకుంటే గరిష్ఠంగా మూడేళ్లు స్పెషల్ హోమ్.

ఈ అంచనా ఎంత సున్నితమైనదో 2022 జూలైలో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు లేకపోతే సైకాలజిస్టు సాయం తప్పక తీసుకోవాలంది. మంచి మాటే. కానీ తెలుగు లేదా మాడియా మాత్రమే ధారాళంగా వచ్చిన కుర్రాణ్ని మరాఠీలో ప్రశ్నలడిగి, అతని మౌనాన్ని 'తెలివిగా దాస్తున్నాడు' అనో 'బుద్ధి ఎదగలేదు' అనో రాస్తే ఆ అంచనాకు విలువేముంది? తప్పు రెండు వైపులా జరగొచ్చు. పెద్ద కోర్టుకు పోవాల్సినవాడు ఇక్కడే ఆగొచ్చు, ఆగాల్సినవాడు అక్కడికి పోవచ్చు. అతని ఇంటి పరిస్థితులపై ప్రొబేషన్ ఆఫీసర్ రెండు వారాల్లో ఇవ్వాల్సిన రిపోర్టుదీ ఇదే బాధ. బోర్డు ఒక రాష్ట్రంలో, కుర్రాడి ఇల్లు ఇంకో రాష్ట్రంలో ఉంటే ఆ రిపోర్టు ఫోన్ మీద అడిగి రాసిన నాలుగు ముక్కలైపోయే ప్రమాదముంది.

అందరికన్నా ఎక్కువ భారం పడేది పిల్ల మీదే. జువెనైల్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మైనర్‌నూ పెద్దవాణ్నీ కలిపి విచారించకూడదు. మైనర్‌ను కాపాడటానికి పెట్టిన నియమం అది, తప్పు పట్టలేం. కానీ దాని ఫలితం ఏమిటంటే, 30 ఏళ్లవాడి మీద స్పెషల్ కోర్టులో ఒకసారి, 17 ఏళ్లవాడి మీద ఇంకోచోట ఒకసారి, అదే ఘటనను ఆ పిల్ల రెండుసార్లు చెప్పాలి. రెండుసార్లు చెప్పినప్పుడు చిన్న తేడాలు రాకుండా ఉండవు. ఒకచోట 'సాయంత్రం' అన్నది ఇంకోచోట 'చీకటి పడ్డాక' అవుతుంది. ఆ తేడాను పట్టుకుని రెండు కేసుల్లోనూ వాదిస్తారు. పైగా తెర, మూసిన తలుపులు, జడ్జి ద్వారా ప్రశ్నలు అన్న పోక్సో రక్షణలు స్పెషల్ కోర్టు పేరుతో రాసి ఉన్నాయి. బోర్డు గదిలో అవి ఆమెకు అంతే జాగ్రత్తగా అందాలని కుటుంబం గానీ, తోడు వ్యక్తి గానీ నోరు తెరిచి అడగాల్సి వస్తోంది. పిల్లలను పిల్లలుగా చూడాలన్న చట్టం ఇద్దరు పిల్లల్లో ఒకరి గురించి ఎక్కువ ఆలోచించి, ఇంకొకరిని సాక్షిగా మాత్రమే చూసింది. సవరించాల్సింది ఏదైనా ఉంటే ముందు ఇది.

ఇంత గంభీరమైన యంత్రాంగం వేరే రకం కేసుల మీద కూడా తిరుగుతోంది. అవి లేచిపోయిన కేసులు. 17 ఏళ్ల అబ్బాయి, 16 ఏళ్ల అమ్మాయి నది దాటి వెళ్లిపోతారు. అమ్మాయి తండ్రి కిడ్నాప్ ఫిర్యాదు ఇస్తాడు. దొరికాక వైద్యపరీక్ష, ఆ వెంటనే పోక్సో. 18 లోపు వాళ్ల ఒప్పుకోలును చట్టం లెక్కలోకి తీసుకోదు. కనీస శిక్ష 10 ఏళ్లు కాబట్టి అది ఘోర నేరమవుతుంది, ఆ కుర్రాడు కూడా మిరప తోట దగ్గరి కుర్రాడు ఎదుర్కొన్న అంచనానే ఎదుర్కోవాలి. లా కమిషన్ 2023 సెప్టెంబరులో ఇచ్చిన 283వ నివేదికలో సమ్మతి వయసు తగ్గించవద్దంటూనే, 16 నుంచి 18 మధ్య ఇలాంటి కేసుల్లో జడ్జీలకు కొంత వెసులుబాటు ఇవ్వాలంది. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం అన్యాయం. అసలు దాడి కేసులకు పెట్టాల్సిన సమయం, మనుషులు వీటికి ఖర్చయిపోతున్నారు. అయితే 'ప్రేమ' అన్న మాట చాటున 14 ఏళ్ల పిల్లను 25 ఏళ్లవాడు తీసుకుపోయిన కేసును కూడా ఇందులో కలిపేసే అలవాటు ఊళ్లలో ఉంది. అది ప్రేమ కాదు, నేరమే. పెళ్లి చేసేసినా నేరమే, భార్యకు 18 నిండకపోతే అది అత్యాచారమే అని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

అసలు స్టేషన్ దాకా రాని కేసుల సంగతి వేరు. కుల పెద్దలు కూర్చుని దండుగ కట్టించి, 'పిల్ల భవిష్యత్తు' పేరుతో నోరు మూయిస్తారు. ఆదివాసీ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన పెసా చట్టం గ్రామసభకు సంప్రదాయ వివాదాలు తీర్చే అధికారం ఇచ్చింది నిజమే, కానీ పిల్లల మీద లైంగిక నేరానికి దండుగతో రాజీ కుదర్చడానికి ఎవరికీ హక్కు లేదు. రాజీ అయిందని ఇలాంటి కేసును కొట్టేయకూడదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. రాజురాలో ఒక బడి హాస్టల్ గిరిజన బాలికల మీద జరిగిన అఘాయిత్యాలు 2019లో బయటపడ్డాయి. తనకు తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణపై ఒక డాక్టర్ మీద పెట్టిన కేసును నాగపూర్ బెంచ్ కొట్టేసింది. 2022 నవంబర్ 2న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. పిల్ల మీద దాడి జరిగిందని తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, చాలాసార్లు అది దోషిని కాపాడే ప్రయత్నమేనని అంది. వార్డెన్, టీచర్, ఆశా కార్యకర్త, ఆర్ఎంపీ, సర్పంచ్, అందరికీ ఇది వర్తిస్తుంది. చెప్పకపోతే ఆర్నెల్ల దాకా జైలు, సంస్థ పెద్దలైతే ఏడాది దాకా. స్టేషన్‌కు పోవడానికి భయమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి సాయం అడగవచ్చు.

పరిహారం గురించి ఒక్కమాట. తీర్పు దాకా ఆగక్కర్లేదు. 2020 పోక్సో నియమాల ప్రకారం ఎఫ్ఐఆర్ అయ్యాక ఎప్పుడైనా స్పెషల్ కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వమని చెప్పవచ్చు, ఆదేశం అందిన 30 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం చెల్లించాలి. మహారాష్ట్రలో 2013 నుంచి మనోధైర్య పథకం కూడా ఉంది, అది జిల్లా న్యాయసేవల సంస్థ ద్వారా నడుస్తుంది. వాయిదాలకు కూలి పోగొట్టుకునే ఇంటికి ఈ డబ్బు బస్సు టికెట్టుతో సమానం, అది లేకపోతే సాక్ష్యమే ఆగిపోతుంది.

భాష సంగతికి మందు 2020 పోక్సో నియమాల్లోనే, 5వ నియమంలో ఉంది. ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ యూనిట్ ఒక రిజిస్టర్ పెట్టాలి. అందులో అనువాదకులు, దుబాసీలు, నిపుణులు, తోడు వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి. పోలీసులకూ మేజిస్ట్రేట్లకూ కోర్టుకూ ఆ జాబితా అందుబాటులో ఉండాలి, పనికి ఫీజు ఇవ్వాలి. దుబాసీకి పెద్ద డిగ్రీ అడగలేదు. పిల్ల భాష, రాష్ట్ర అధికార భాష రెండూ పనికి సరిపడా రావాలి. మాతృభాష అయినా సరే, ప్రైమరీ దాకా ఆ మీడియంలో చదివినా సరే, ఆ భాష మాట్లాడే చోట బతికి నేర్చుకున్నా సరే. సిరోంచలో, రాజురాలో, ధర్మాబాద్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడి మరాఠీలో చదువుకున్న టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, రిటైరైన గుమాస్తాలు ఎందరో ఉన్నారు. ఆడవాళ్లు కావాలని పిల్ల కోరితే ఆ కోరికను కూడా చూడాలని నియమం చెబుతోంది కాబట్టి మహిళల పేర్లు ఎక్కువ ఉండాలి. సొంత ఊరు కాని ఊరివాళ్లయితే ఇంకా మంచిది. గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల రిజిస్టర్లలో తెలుగు వచ్చిన వాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో సమాచార హక్కు దరఖాస్తుతో ఎవరైనా అడగవచ్చు. లేకపోతే, అర్హత ఉన్నవాళ్లు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు తమ పేరు రాసి ఇవ్వవచ్చు.